ఎడమచేతి చీపురు

నాందేడ్ కొత్త కాలనీలో పొద్దున్నే బ్యాంకు ఉద్యోగానికి బయలుదేరిన ఇల్లాలు గుమ్మంలో ఆగింది. పనిమనిషి కిందటి నెల చనిపోయింది; ఆమె కూతురు, తల్లి వాడిన చీపురుతోనే వసారా ఊడుస్తోంది.

“కొత్త మనిషి దొరికేదాకనే బాయీ. తర్వాత మల్ల ఉమ్రి ఊర్ల బడికి పోత.”

“దేనికే? ఇగ ముందు ముందు అన్ని ఇండ్లల్ల మొగుడు పెండ్లాం ఇద్దరు డ్యూటీకి పోయేటోళ్లే. నీకు పనికి రంది లేదు.”

“మా అవ్వ గూడ గట్లనే అంటుండె.”

“అగో, ఎడమచేత్తోని ఊడుస్తున్నవేందే? అచ్చం మీ అవ్వనే!”

“నాది కుడిచెయ్యే బాయీ. ఈ చీపిరి అవ్వ చేతికి అరిగింది. కుడిచేత పట్టుకుంటే సగం పుల్లలు నేలకు ఆనవు.”

“ఐతే కొత్తది తెప్పియ్యాల్నా?”

పిడి మీద తల్లి వేళ్లు ఆనిన చోట్లు పిల్ల వేళ్లకు చల్లగా తగిలాయి.

“వద్దు బాయీ. కొత్తదైతే నా చేతికి అరుగుతది.”