కప్పతల్లి నీళ్లు, ముగ్గురాయి పొడి

రేపటి నుంచి పనికి రావద్దంటావా? ఆ మాట నా మొగం చూసి చెప్పు రంగప్పన్నా! గోడను చూసి చెప్తాండావు, గోడ వచ్చిందా మీ ముగ్గురాయి మిల్లులో గోతాలు కుట్టేకి?

కూసోవద్దులే, నిలబడే ఇను. మేస్త్రీవి కదా, మిల్లు రెడ్డి పంపిస్తే పరిగెత్తుకోని వచ్చినావు. తిప్పమ్మ గోతాల మింద నీళ్లు పోసి సరుకంతా చెడగొట్టిందని చెప్తాండాడంట. నేను పోసినానా? ఈ కరువులో నా గొంతులో పోసుకునేకే నీళ్లు లేవు!

పోసింది ఎవురు? సరస్వతమ్మ కాదా? మీ రెడ్డి పెండ్లాము కాదా?

నువ్వు ఆడనే ఉంటివి. ఊర్లో ఆడోళ్లంతా వాన కోసరం కప్పను రోకలికి కట్టుకోని, వేపాకు చుట్టుకోని, ఇల్లిల్లూ తిరిగి మిల్లు కాడికి వస్తిరి. ఎండ మండిపోతాండాది. ఆయమ్మ వాళ్లను షెడ్డు నీడకి రమ్మనె. గోతాల పక్కనే నిలబెట్టి, కప్పతల్లి మింద బిందెడు నీళ్లు గుమ్మరిచ్చె.

"అమ్మా, ఈడ వద్దమ్మా, ముగ్గురాయి పొడి తడుస్తాది" అని నేను అరిస్తే ఏమనె? "దేవుని నీళ్లకి అడ్డం మాట్లాడతావేమే" అనె. మరి నువ్వేం చేస్తివి? చేతులు జోడిస్తివి! ఇంగో బిందె మోసుకొచ్చి ఇచ్చింది నువ్వు కాదా?

నీళ్లు పారుకుంటా పోయి గోతాల కిందికి దూరె. కింది వరస ఇప్పి ఎండకి ఆరబోద్దామని నేనంటే, "ధర్మవరం టేసన్లో వ్యాగను కాచుకోనుండాది, బిరీన ఎత్తండి" అంటివి. "రెడ్డికి తెలిస్తే ఆయమ్మకు తిట్లు, గమ్మునుండు" అంటివి.

ఆ పొడి యాడనో గుజరాతులో నూనె బావులు తవ్వే కాడికి పోతాదంట. గోతాము మూతి ఇప్పితే జొన్నల మాదిరి జలజలా జారాల. జారితేనే వాళ్ల మిషన్లోకి దిగేది. మొన్న కొనే కంపెనీ మనిషి టేసన్లోనే గోతాము కోసి చూసె. జారిందా? గడ్డ కట్టుకోని గోడ మాదిరి నిలబడె! కట్టె పెట్టి పొడిచినా రాలలేదంట. సరుకే వద్దని పోయె.

రెడ్డికి కోపం రాదా మల్ల? వస్తాది. దాన్ని పెండ్లాము మింద చూపిస్తాడా? మేస్త్రీ మింద చూపిస్తాడా? అత్త మింద కోపం దుత్త మింద అన్నట్ల, దొరికింది తిప్పమ్మ!

ఊరికే తల ఊపేకి నువ్వేమన్నా గంగిరెద్దువా?

నా మొగుడు గొర్లను తోలుకోని, చెరువులో కొంచమన్నా తడి ఉంటాదని బుక్కపట్నం దిక్కు పోయినోడు ఇంగా రాలేదు. మాకు సెంటు భూమి లేదు. ఇంట్లో నయాపైస లేదు. ఆ కూలితోనే పిల్లోళ్లకి ఇంత సంగటి. ఇప్పుడు ఏం పెట్టాల? మీ ముగ్గురాయి పిండి కెలికి పెట్టాల్నా?

ఏమంటివి? ఊరి మేలు కోరి పోసిన నీళ్లా? థూ! నవ్వొస్తాది నాకు.

ఇను. ఇంగ దాచేదేముండాది. ఆపొద్దు ఊరంతా వాన కావాలని కప్పతల్లికి మొక్కె గదా. నేనూ మొక్కితి. ఏమని మొక్కినానో తెలుసునా? "వాన వద్దు తల్లీ" అని!

అట్ల చూడాకు. వానొస్తే గాలికే చెమ్మ పడతాది. పొడి మిషను గొట్టంలో ఇరుక్కుంటాది. మిల్లు నిలిపేస్తారు, ఆపొద్దు కూలి ఉండదు. చేన్లున్నోళ్లకి వాన కావాల. నాకు ఎండే కూడు.

అంతమంది గొంతు చించుకోని అడిగితే ఇనలేదు ఆ తల్లి. నా మాట ఇన్నాది. బయటికి పోయి చూడు, యాడన్నా మబ్బు తునక కనపడతాదేమో.

వాన రాలేదు. పనీ పోయె. పో, పోయి వాన వద్దని మొక్కినానని తిప్పమ్మ ఒప్పుకునిందని చెప్పు మీ రెడ్డికి.