సోమవారం వచ్చాక జవాబిస్తాను

లాయరు గారి గది బయట బెంచీ. వదిన, మరిది.

"సంతకమే కదా వదినా. పెన్ను కూడా ఆయనే ఇస్తాడు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు."

"నెత్తి మీదుంది."

"ఆఁ. ఉంది."

"పోయినసారి కడుపునొప్పన్నావు. అంతకుముందు ఫ్యూజు పోయిందన్నావు. మీ ఇంట్లో కరెంటు పోతే ఇక్కడ సంతకానికేం?"

"పోయిన మాట నిజమే."

"కంపెనీ దిగొచ్చింది వదినా. సెలవులో ఉన్న అన్నయ్యని తామే పిలిపించామనీ, తమ పని మీద వస్తూనే దారిలో చనిపోయాడనీ ఒప్పుకుని రాసిచ్చారు. ఇన్నాళ్ళు కొట్లాడింది దానికేగా?"

"దానికే."

"మరి?"

"ఏం లేదు. ఈ ఫ్యాను గాలికి తల నొప్పిగా ఉంది."

"ఫ్యాను ఆగిపోయి చాలాసేపైంది."

"అవునా."

"లాయరు గారు తలుపు తీసి చూసి వెళ్ళాడు కూడా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది నీ వ్యవహారం."

"సంతకం పెడితే కేసు మూసేస్తారు."

"మూసేస్తారు."

"మూసేస్తే ఆయన మెయిళ్ళు?"

"అవా... రూలు ప్రకారం ఎప్పుడో చెరిపెయ్యాల్సినవి. ఏడేళ్ళు దాటితే మా కంపెనీలో కాయితమూ ఉంచరు, మెయిలూ ఉంచరు. కేసు నడుస్తోందని అన్నయ్యవి మాత్రం ముట్టుకోలేదు."

"ఎన్నేళ్ళుంచాలో ఎవరు చెప్తారు?"

"పైవాళ్ళు. పట్టిక ఉంటుంది. బిల్లులకి ఇన్నేళ్ళు, మెయిళ్ళకి ఇన్నేళ్ళు అని."

"పెళ్ళాలకి ఎన్నేళ్ళో రాశారా అందులో?"

"వదినా."

"ఊరికే అడిగాను. చెరిపేది నువ్వేగా?"

"మా సెక్షనే. పైనుంచి ఆర్డరొస్తే నొక్కుతాను."

"నొక్కుతావు."

"ఉద్యోగం వదినా."

"తప్పనలేదు."

"అన్నయ్యకి నువ్వు రోజూ మెయిలు పెడతావు కదా."

"ఎవరు చెప్పారు?"

"పెడతావు కదా."

"పెడతాను. గ్యాసు అయిపోయిందనో, కుళాయి కారుతోందనో. జవాబొస్తుంది. సెలవులో ఉన్నాను, సోమవారం వచ్చాక జవాబిస్తాను అని. సెలవు పెట్టేముందు ఆయనే అలా పెట్టి వెళ్ళాడుగా. ఎవరు రాసినా దానంతటదే వస్తుంది."

"దాని కోసమా సంతకం పెట్టంది?"

"నీళ్ళుంటే కాసిని ఇవ్వు."

"ఇదిగో. వదినా, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోవద్దు."

"ఏమనుకుంటాను. ఈ మధ్య నాకేదీ అనిపించట్లేదు."

"రెండేళ్ళ కింద పాత మిషన్లు తీసేసి కొత్తవి పెట్టాం. అన్నయ్య మెయిళ్ళు కాపీ చేసి దాచాం, అంతే. దానంతటదే జవాబివ్వడం అప్పుడే ఆగిపోయింది."

"ఊఁ."

"నువ్వు పెట్టేవి నాకొచ్చేట్టు చేసుకున్నాను. అప్పట్నించీ నేనే కొడుతున్నాను, ఆ ముక్కే. రోజూ."

"తెలుసు."

"తెలుసా?"

"ఆయనది ఇలా పంపితే అలా వచ్చేది. నీది భోజనాలయ్యాక వస్తుంది. పైగా పెద్దదానికి జ్వరమని ఆయనకి రాస్తే, సాయంత్రానికి నువ్వు మందులు పట్టుకొచ్చావు."

"అంతా తెలిసీ... మరి సంతకం పెట్టడానికేం?"

"పెడితే నువ్వు కూడా మానేస్తావుగా."