నోట రాని ఆమెన్

"మామ్మా, నిన్న సర్చిలో అందరూ ఆమెన్ అంటే నువ్వొక్కదానివే అననేదంట. ఏటయ్యింది?"

ఓలమ్మో, అప్పుడే నీ దాకా వచ్చిసినాదా! మీ అమ్మే సెప్పుంటాది. కూకో, బస్సు దిగొచ్చినావు, మజ్జిగ తాగు. నాను కూకోలేనే గుంటా, తిరుగుతానే సెప్తాను. మీ నాన్న కాడినుంచి ఉత్తరాలు ఆగిపోయిన కాడినుంచి ఒకకాడ నిలవలేకపోతన్నాను, కాలుగాలిన పిల్లినాగ.

నిన్న శుక్రారం ఉపాస ప్రార్థన గదా. దేశమంతా ఉజ్జీవం రావాలని, అందరి మనసుల్లో బక్తి మళ్లీ రగలాలని, సంఘాలన్నీ ఒక్క రోజే మోకాళ్లెయ్యాలని కబురొచ్చినాది. పేటంతా మైకులో పిలిసినారు. ఒక్క బోటూ సేపల యేటకెల్లనేదు, సూడు... అంటే మన సర్చివోలవి. మిగతావోలు ఎల్లినారులే, గంగమ్మకి మొక్కీవోలకి మన ఉపాసంతో పనేటి? మా అత్తా అలాటిదే. ఆవిడ గంగమ్మకి కోడిని కోసీది, నాను పక్కనే కూకోని ఏసు పాట పాడీదాన్ని. ఒక్క పొయ్యే, ఏనాడూ కొట్టుకోనేదు. అప్పుట్లో ఐదు రూపాయలకి గంపెడు కవ్వ సేపలొచ్చీవి... ఏటి సెప్తన్నాను? ఆఁ, ప్రార్థన.

పాస్టరు బాబు మంచోడే. ముందు పంటల కోసం సేసినాడు, రోగాలోల కోసం, మంత్రుల కోసం సేసినాడు. అన్నిటికీ ఆమెనన్నాను, నా గొంతు తెలుసు గదా నీకు. తరవాత గట్టిగా ఎత్తుకున్నాడు. "ప్రభువా, మా దేశం మీదికి వచ్చే శత్రువులను, ఆ పాకిస్తాన్ వారిని సమూలంగా నాశనం చెయ్యి తండ్రీ!" సర్చంతా ఆమెన్. నాకు నోరు పెగల్నేదు.

ఎలగంటాను, నువ్వే సెప్పు? మీ నాన్న ఆల జైల్లోనే ఉన్నాడు గదే! ఇక్కడ యేట నేక గుజరాతెల్లి బోటెక్కినాడు. సముద్రం మీద గీతేటి కనిపిస్తాది? అటెల్లిపోనారు, పట్టుకున్నారు. ఈ పొద్దు నా కొడుక్కి రొట్టె ఎవులు పెడతన్నారు? ఆలే. జొరమొస్తే మందెవులిస్తారు? ఆలే. దేవుడు నా మాటిని ఆల మీద అగ్గి కురిపిస్తే, ఆ గోడల మజ్జినున్న మనోడేటైపోతాడు?

లేసి నిలబడిపోనాను. "బాబూ, ఈ ప్రార్థన నా వల్ల కాదు. ఉజ్జీవం మనకొక్కలికేటి, ఆలకీ రావాల. నా కొడుకు గదికి తాళమేసీవోడొకడుంటాడు, ముందు ఆడి కోసం సెయ్యి. ఆడి మనసు మెత్తబడితే నా బిడ్డకి ఇంకో ముద్ద దొరుకుతాది" అన్నాను. మీ అమ్మ కొంగట్టుకుని లాగతంది, కూకోమని. ఎనకనించి ఒకడు "ముసిల్దానికి మతి పోనాది" అన్నాడు. ఆడి కొడుకు మిలట్రీలో, సరిహద్దు మీదున్నాడు. ఆడి భయం ఆడిది, నానేటంటాను?

పాస్టరు బాబు మైకు ఆపీసినాడు. దిగొచ్చి నా పక్కన నేల మీద మోకాళ్లేసినాడు. "ఆ తాళం వేసే అతని పేరేంటి మామ్మా?" అన్నాడు. నాకేటి తెల్సు! ఆ మాటకి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారొచ్చిసినాయి. పేరు నేకుండానే సేసినాం. అందరూ ఆమెనన్నారా అంటే, అననేదు. సగం మందన్నారు.

అయినా నా పేణం కుదుటపళ్లేదే. ఇంటికొచ్చి ఉపాసం ఇడిసినాను గాని, కలిపిన ముద్ద కంచంలోనే ఒగ్గీసినాను. అక్కడ నా కొడుకు తిన్నాడో నేదో. ఈదిలోకెల్తన్నాను, వస్తన్నాను, ఇదే పని.

ఏడుపెందుకే? రా, ఇలగ రా, తలొంచు. ప్రభువా, ఈ గుంట సల్లగుండాల. సదువు బాగా రావాల. ఆ తాళమేసీవోడికీ ఈ ఈడు పిల్ల ఉంటాదేమో, అదీ సల్లగుండాల. ఆడింటికెల్లి దాని మొకం సూసినప్పుడల్లా, ఆ గదిలో ఇంకో పిల్ల నాన్నున్నాడని ఆడికి గేపకం రావాల, తండ్రీ...