వంచినా విరగని అతుకు

సభకు పెద్దగా ఉన్న మా యజమాని క్లారెన్స్ గారికీ, నేడు పని విరమిస్తున్న ఎల్ఫేజ్ గారికీ, ఆయన పక్కనున్న వారి శ్రీమతి ఆడెల్ అమ్మగారికీ, వెల్డింగ్ షెడ్డులోని అన్నలందరికీ నమస్కారం. నేను రెజాన్ భార్యను, మిరేయిని. చదివింది తక్కువ, నలుగురిలో గొంతు పైకి రాదు. (నవ్వులు) వెనక వరుసలో గట్టిగా నవ్వేది మా ఆయనే. ఇంట్లో ఈ గొంతుకే ఎంత భయపడతాడో మీకు తెలియదు.

కొన్నేళ్ళ కిందట, రోడ్ల మీది మంచు తోసే బండ్లకు మనం చేసిన ఇనప పలకలు అతుకుల దగ్గర పగిలి తిరిగొచ్చేవి. పైసా తీసుకోకుండా మళ్ళీ అతికి పంపేవాళ్ళం. "ఈ చలికాలమూ ఇంతే అయితే వసంతానికి షెడ్డుకు తాళమే" అని క్లారెన్స్ గారు అన్న రోజు మా ఇంట్లో పొయ్యి మీది కోడి పులుసు ఎవరికీ సయించలేదు. అప్పుడే అతుకుల నాణ్యత చూసే పనికి ఎల్ఫేజ్ గారు వచ్చారు. ఈ పరిశ్రమలో అంతటా పెట్టే పరీక్షే ఇక్కడా పెడదాం, అతికిన ముక్కను యంత్రంలో వంచి చూద్దాం అన్నారు.

"ఇన్నేళ్ళుగా అతుకుతున్నవాడికి పరీక్షేంటయ్యా? రెజాన్ అతుకు చూడు, ఎంత నున్నగా ఉందో!" అన్నారు క్లారెన్స్ గారు.

"నున్నగా ఉంటే నువ్వు ముద్దు పెట్టుకో. నేను మాత్రం వంచుతా." (నవ్వులు)

వంచారు. టప్పున పగిలింది. మా ఆయనదే కాదు, అందరివీ. ఉద్యోగాలు ఊడాయనుకున్నాం. ఈయన ఎవర్నీ ఏమీ అనకుండా, రోజూ చేసేట్టే చేసి చూపించమన్నారు. పెరట్లోంచి మందపాటి పలకను లాక్కొచ్చి, మంచు దులిపి, అలాగే అతకడం మన అలవాటు కదా! చూసి నెత్తి కొట్టుకున్నారు.

"ముందు వెచ్చబెట్టండ్రా బాబూ! మీరు కోట్లు తొడుక్కున్నారుగా, దానికి చలెయ్యదా?"

చల్లని ఇనుము మీద వేసిన అతుకు పెళుసై పగులుతుందట; వెచ్చబెట్టి అతికారు. ఒక్కొక్కరే పరీక్ష నెగ్గారు. ఎవరి చెయ్యి ఏ పనికి కుదురుతుందో, ఎవరికి ఏది నేర్పాలో తెలిసింది. పలకలు తిరిగి రావడం ఆగింది. పరీక్ష నెగ్గినవాళ్ళే కావాలనే పెద్ద బేరాలు మన గుమ్మంలోకి వచ్చాయి. షెడ్డు నిలిచింది, మన ఇళ్ళూ నిలిచాయి.

నేనూ వెల్డింగ్ నేర్చుకుంటున్నాను. మొన్న ఎల్ఫేజ్ గారు వంచిన చివరి ముక్క నాదే. (కొంచెం ఆగి) పగిలింది.

"వెళ్ళిపోయే మనిషివి, చూసీచూడనట్టు పోనివ్వరాదా పెద్దాయనా?" అన్నాడు మా ఆయన.

"ఇక్కడ పోనిస్తే రోడ్డు మీద పగులుతుంది రెజాన్, నీ పెళ్ళాం పేరుతో."

ఆ సాయంత్రం ఏడ్చాను. తరవాత ఆలోచించుకుంటే ఎంతో సంతోషం వేసింది. నేను నెగ్గిన రోజున, రెజాన్ భార్య కాబట్టి నెగ్గించారని ఈ హాల్లో ఒక్కరూ అనలేరు. నాకు అంత గౌరవం దాచి పెట్టి వెళుతున్న మీకు, నా మాటలు ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. మళ్ళీ ముక్క అతకాలి, సెలవు.