పసుపుబట్టల్తో కర్రలు సీల్చిన పెళ్లికొడుకు

మీ నాన్న అరిసేతుల మీద ఆ మచ్చలేటని అడుగుతన్నావా? ఓలమ్మో, ఇన్నాళ్లూ నీకు సెప్పనేదేటే? మీయమ్మని అడిగితే నవ్వీసి వంటింట్లోకి ఎల్లిపోయిందా? ఎల్లిపోద్ది మరి, సిగ్గు దానికి, ఇప్పటికీ సిగ్గే. ఇలా కూకో. ఆ ఫోను పక్కనెట్టు. ఏటీ, నా మాట అందులోకి ఎక్కతందా? సరే, ఎక్కనీ.

మీయమ్మ పెళ్లి నాటి మాట. ముహూర్తం దగ్గరికొచ్చీసింది, పందిరి రాటలు కూడా పాతీసినాం, అప్పుడొచ్చింది తుఫాను. ఉద్దానంలో తుఫాన్లకి కొదవేటి, గానీ అది మరీ రాకాసిది. తెల్లారి తలుపు తీత్తే తోట నేదు. జీడిసెట్లన్నీ అడ్డంగా పడున్నాయి. మా అత్త నాటిన పనస... పెరట్లో ఆ నీళ్ల గాబుంది సూడు, అక్కడే ఉండీది. దాని తొనలు, అబ్బ, తేనే అనుకో. నీకేటి తెలుస్తాది, పలాస బజార్లో కొనుక్కు తింతావు నువ్వు. ఏటి సెప్తన్నాను? ఆఁ, పనస. అది ఏళ్లతో సహా లేసిపోయింది. దాని మీద పడి ఏడిసినాను, నిజం.

ఆ ఏడుపు తీరకముందే టెక్కలి కాడి నుంచి మా వియ్యంకుడు, అదే మీ నాన్నోళ్ల నాన్న, మనిసిని పంపినాడు. "దారి నిండా సెట్లే. వంటకి మీ ఊళ్లో ఎండుకర్ర ముక్క నేదు. వచ్చే ఏడు సూద్దాం" అని కబురు. మా ఇంటాయన అరుగు మీద సతికిలబడిపోయినాడు. మీయమ్మ గదిలోకెల్లి తలుపేసీసుకుంది. పెళ్లి ఆగిపోడమంటే మాటలు కాదమ్మా. ఈ పిల్ల పెళ్లనగానే తుఫానొచ్చిందని ఊరోళ్లు అనరా? అప్పటికే అనీసినారు! నాకు ఒళ్లు మండిపోయింది. కర్ర నేదంతాడా? ఊరంతా పడున్నది కర్రే గదా! పచ్చిది, అదొక్కటే సిక్కు.

పచ్చికర్ర మొద్దులాగ ఉంచితే ఎప్పటికి ఎండాల? సన్నంగా సీల్చీసి, గాలాడేలాగ గూడు కట్టి ఎండలో ఎట్టీస్తే బేగి ఆరిపోద్ది. సీల్చడం కూడా పచ్చిగా ఉన్నప్పుడే సులువు. మొద్దు మొగం మీద పగులు ఎటుందో సూడాల, అక్కడ ఇనపసీల దిగ్గొట్టాల, గొడ్డలి ఎనక్కి తిప్పి దాని మీద మోదాల. కర్రుమని అరుసుకుంటా రెండు పక్కలకి ఇచ్చుకుంటాది సూడు, ఆ సప్పుడు సెవిన పడితే నాకిప్పటికీ సంబరమే.

మగోళ్లంతా దార్లు తియ్యడానికి ఎల్లిపోయినారు. ఆడది గొడ్డలి పట్టకూడదని మా అత్త అనీది. ఆవిడ సెట్టే పడిపోయినాక ఇంకేటి కూడదు? సీర ఎగ్గట్టీసి మొదలెట్టినాను. మర్నాటికి ఇరుగమ్మా పొరుగమ్మా కూడా దిగీసినారు. ఒకలు సీల్చడం, ఒకలు మొయ్యడం, ఒకటే ఇకఇకలు, పకపకలు.

అప్పుడెవడో కుర్రోడు, ఒళ్లంతా బురద, గొడ్డలి భుజానేసుకుని పెరటి కంప దాటొచ్చి నిలబడీసినాడు. దారి తీసేవోళ్ల మనిసేమో అనుకున్నాను. "ఏట్రా అలగ గుడ్లప్పగించి సూత్తావు? పట్టు ఆ మొద్దు!" అని కసిరినాను. గొడ్డలి దించి పట్టినాడు. పనసమొద్దు, ముడి మీద ముడి. అరిసేతులు బొబ్బలెక్కి సితికిపోయినా గొడ్డలి వదల్డే! సెమటకి బురద కారిపోతే సూత్తును గదా, సెవుల ఎనక పసుపు. బట్టలూ పసుపే. ఓలమ్మో, మీ నాన్నే! పెళ్లికొడుకుని సేసీసినాక ఊరి పొలిమేర దాటకూడదు గదా. ఈయన సెట్ల మీదగా మోటారుసైకిలు ఎత్తుకుని మరీ వచ్చీసినాడు. "పెళ్లి ఆపీమంతన్నాడు మా నాన్న. కర్రలుంటే ఆగదు గదత్తా?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కపాలే వచ్చీసినాయి.

మరి ఆ మచ్చలంతావా, వస్తన్నాను, ఉండు. మొదట సీల్చినవి ఆరినాయో నేదో సూద్దామని పొయ్యి ముట్టిచ్చినాం. అంటుకోడం నేదు. తడికర్ర ఉంటే మనం జీడిపిక్కల తొక్కు వేత్తాం గదా, నూనె ఉంటాది, భగ్గుమంతాది. సేటతోనే వేత్తాం, పచ్చితొక్కు సేత్తో ముట్టం. అదేటి తెలుసు ఆయనకి? వరిపొలాల పిల్లడు. నాను సేట తెచ్చీలోపల గోతాంలోకి రెండు సేతులూ ఎట్టీసి దోసిలితో ఎత్తీసినాడు! సితికిన బొబ్బల మీద జీడినూనె, నిప్పులాగ కాల్చీసింది, ఆ మచ్చలే నువ్వు సూసినవి... "అత్తో!" అని ఒక్క గెంతు. కొబ్బరినూనె రాత్తన్నాను, పొయ్యి మాత్రం భగభగా మండతంది.

సరిగ్గా అప్పుడే కొడుకుని ఎతుక్కుంటా వియ్యంకుడొచ్చీసినాడు. పొయ్యి సూసినాడు, కర్రల గూళ్లు సూసినాడు, కొడుకు సేతులు సూసినాడు. "నా కొడుకే ఇక్కడుంటే నానెవుర్ని ఆపుతాను?" అని మా ఇంటాయన పక్కన కూకుండిపోయినాడు.

అనుకున్న ముహూర్తానికే అయింది. మా అత్త పనస మీదే అన్నాలుడికినాయి. తలుసుకుంటే కడుపు నిండిపోతాది. గానీ పుస్తి కట్టీటప్పుడు సూడాల, వేళ్లు వంగవే! ముడి పడదు. పంతులు మంత్రం మళ్లీ సదువుతన్నాడు. తల దించుకు కూకోవలసిన మీయమ్మ తలెత్తి ఆ సేతులు రెండూ పట్టుకుని, అంతమంది ముందర, ఉఫ్ ఉఫ్ అని ఊదింది! పందిరంతా గొల్లుమంది. అప్పుడు పడినాయి మూడు ముళ్లూ.

నీ పెళ్లికి కర్రలెవుడు సీలుస్తాడు, అన్నీ గేసుపొయ్యిలే గదా. ఫర్నేదు. నీకోసం పొలిమేర దాటీవోడు రావాల. ఆయన సేతులు కాలితే నువ్వూ అందరి ముందరా ఊదాల, సిగ్గుపడకు. సల్లగా బతకండి తల్లీ... అదిగో, వంటింట్లోంచి నవ్వు ఇనిపిత్తందా? అక్కడ నిలబడి అంతా ఆలకిత్తంది మీయమ్మ...