రీసెట్ నొక్కనివ్వని ‘ఆగు సారు’

1991 జూలై 8వ తేదీన మన కర్మాగారం మరమ్మతుల విభాగంలో శిక్షణ ఇంజనీరుగా అడుగుపెట్టిన సహృదయులు, ఈ నెలాఖరున ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన గురించి రాయమని సంచిక సంపాదకులు మా వారిని అడిగారు. యంత్రం మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని మా వారికి కాగితం మీద మాత్రం కలం సాగదు. నేను అన్నయ్యగారూ వదినగారూ అని పిలిచే ఆ దంపతులకు మేం పక్కింటివాళ్లం గనుక ఈ గౌరవం నాకు దక్కింది.

చేత్తో తిప్పే లేతుల కాలంలో చేరిన అన్నయ్యగారు, కంప్యూటరు ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు వచ్చినప్పుడు అందరికంటే ముందు వాటి మర్మం తెలుసుకున్నారు. అలారం కొట్టి యంత్రం ఆగితే చాలు, రీసెట్ నొక్కి నడిపించేయాలని అందరి వేళ్లూ తొందరపడతాయి. ఆయన మొదటి మాట “ఆగు”. రీసెట్ నొక్కడమంటే ఏడ్చే పిల్ల నోరు మూయడమేనని, ఎందుకేడుస్తోందో చూడొద్దా అని అడుగుతారు. ‘ఆగు సారు’ అన్న పేరు అలా స్థిరపడింది. వదినగారు మాత్రం మిక్సీ చెడితే ఆయన కంటపడకుండా బజారుకు పంపించేస్తారు. బాగుచేస్తే సరే గానీ, ఎందుకు చెడిందో కూర్చుని వినే ఓపిక తనకు లేదంటారు.

మా వారి ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. ఆయన నడిపే యంత్రంలో, కోత పనిముట్టును పట్టుకుని పైకీ కిందికీ కదిలే బరువైన తల ఉంటుంది. దాని మోటారుకు కావలసినంత కరెంటు అందించేది సర్వో డ్రైవ్. భారం ఎక్కువైందంటూ ఆ డ్రైవ్ పదేపదే ఆగిపోసాగింది. కొత్తది బిగించినా అదే వరుస. కొత్త ఆపరేటరు తలను దేనికో గుద్దించి ఉంటాడని మేనేజరుగారు నిశ్చయించుకుని, మా వారిని యంత్రం నుంచి తప్పించి, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

సెలవు నుంచి తిరిగొచ్చిన అన్నయ్యగారు కోత ఆపించి, తలను ఖాళీగా, నెమ్మదిగా పైకీ కిందికీ నడిపించమన్నారు. తెర మీద భారం చూపే గీత ఎక్కేటప్పుడూ హద్దు దగ్గరే, దిగేటప్పుడూ హద్దు దగ్గరే. ఆయన కళ్లు మెరిశాయట.

“మెట్లెక్కేటప్పుడు ఆయాసమొస్తే బరువనుకుందాం. దిగేటప్పుడూ ఆయాసమేమిటి? దీని కాలెవరో పట్టుకున్నారు.”

పట్టుకున్నది బ్రేకు. కరెంటు పోతే తల జారిపడకుండా మోటారును బిగించి ఉంచేది అదే; యంత్రం నడిచేటప్పుడు కరెంటు అందగానే పూర్తిగా వదిలేయాలి. దానికి అందే కరెంటు కొలిస్తే చాలినంత లేదు. తల కింద చెక్కదిమ్మ ఆన్చి, కరెంటు ఆపి, తీగ వెంబడే వెతుక్కుంటూ పోతే మాడి నల్లబడిన అతుకొకటి కనబడింది. చుట్టూ మూగినవాళ్లలో అలజడి. ఇదెవరి నిర్వాకమని మేనేజరుగారు అడిగితే, అన్నయ్యగారే బదులిచ్చారు.

“ఈ అతుకు నాదే సార్. తీగ తెగితే కొత్తది వచ్చేదాకా అని వేశాను, మార్చడం మరిచిపోయాను. ఇందులో ఈయన తప్పేం లేదు.”

కొత్త తీగ వేసి, అరిగిన బ్రేకు మార్చాక ఆ తల దూదిపింజలా పైకి లేచింది. గీత చటుక్కున కిందికి దిగింది, యంత్రశాల అంతా చప్పట్లు! మా వారు బూట్లైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, గరిటెను పైకీ కిందికీ ఆడిస్తూ జరిగిందంతా చూపించారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఇద్దరం గమనించలేదు. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం ఖాయమైంది.

అన్నయ్యగారికి ఆ ఏడు రావలసిన పదోన్నతి మాత్రం రాలేదు. నొచ్చుకుంటూ వెళ్లిన నాతో వదినగారు, “హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నారమ్మా, నాకే నిద్ర లేదు ఆ చప్పుడికి” అన్నారు. తరువాతి కాలంలో సూపర్‌వైజరుగా, విభాగాధిపతిగా ఆయన అందుకున్న గౌరవాలు మీరంతా ఎరిగినవే.

అన్నయ్యగారూ, మోకాళ్లు మొరాయించక, చూపు మందగించక, వదినగారి వేళాకోళాలకు కొరత లేక మీరు చిరకాలం చల్లగా ఉండాలి. ఆనాడు మీరు నిలబెట్టిన ఉద్యోగం నుంచి మా వారు విరమించే రోజున, మీరిద్దరూ మా ముందు వరుసలో కూర్చోవాలి.