కమలేష్ కాలర్లు

"అమ్మమ్మా, ఆప్‌కీ ఫ్యాక్టరీ మే టైమ్ స్టడీ హోతీ థీ క్యా?"

ఎందుకవదే? వాచీ పట్టి ఏ పనికెంతసేపో కొలవడమేగా! రేపు ఇంజినీరుగా డ్యూటీలో చేరుతున్నావని ఇప్పుడు గుర్తొచ్చానా నీకు? సరే, నువ్వు హిందీలోనే అడుగు, నేను తెలుగులోనే చెప్తా. రికార్డు చేసుకుంటానన్నావుగా, ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు.

రెండు వేల నాలుగో, ఐదో. మన వైశాలి దాకా ఢిల్లీ మెట్రో ఎక్కడిదప్పుడు? షేర్ ఆటోలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నోయిడా వెళ్ళేదాన్ని. చొక్కాల ఫ్యాక్టరీ. నేను లైన్ సూపర్‌వైజర్ని. లైనంటే తెలుసుగా, ఒకరు జేబు, ఒకరు చెయ్యి, ఒకరు కాలరు, అట్టా చొక్కా చేతులు మారతా పోవాలి. ఒక్కరి దగ్గర ఆగిందా, తర్వాతోళ్ళంతా గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవడమే.

మా లైను కాలరు దగ్గర ఆగేది. అక్కడ కమలేష్ అని, బులంద్‌షహర్ వైపు పిల్ల. మొగుడు మంచాన పడ్డాడు పాపం. ఇద్దరు పిల్లలు... కాదు కాదు, అప్పటికి ఒక్కతే కూతురు. ఇల్లంతా ఈ పిల్ల జీతం మీదే. మేనేజరేమో, ఈ వారం చూసి తీసేస్తానన్నాడు. ఆయనకి చొక్కాలు కావాలి గానీ కష్టాలెందుకు?

అప్పుడే మీనాక్షి మేడమని కొత్త ఇంజినీరు వచ్చింది, నీ ఈడుదే. చేతిలో స్టాప్‌వాచీ. అది చూస్తేనే అందరికీ గుండె దడ. కమలేష్ పక్కన నిలబడి కొలిచి కొలిచి నా దగ్గరకొచ్చింది. "ఆంటీ, నాకేం అర్థం కావట్లేదు. అదే చెయ్యి, అదే మిషను. ఒక కాలరు చకచకా కుట్టేస్తుంది, ఇంకోటి నత్తలాగా" అంది.

నేనూ వెళ్ళి నిలబడ్డా. ఎదురుగా ఇస్త్రీ బల్ల. కాలరు తిరగేశాక ఇస్త్రీ పడాలిగా, అందుకని. ఆ ఇస్త్రీ చేసేదెవరనుకున్నావు? కమలేష్‌కి స్వయానా బావగారు, మొగుడి అన్న. ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. వాళ్ళలో బావగారికి మొహం చూపించకూడదే! ఆయన తలెత్తితే చాలు, కొంగు గడ్డం దాకా లాగేది. ఆ గుడ్డలోంచి సూదేం కనపడుద్ది? ఆయన టీకి పోతే కొంగు తీసి టకటకా కుట్టేసేది. రోజూ చూసేదే, మా కళ్ళకి అలవాటైపోయింది. మేడం వాచీ పట్టబట్టి బయటపడింది.

తెలిసింది సరే, చెప్పడం ఎట్టా? ఆయన్ని అక్కణ్ణుంచి పంపించేస్తే ఆయనకి అవమానం. ఈ పిల్లని కొంగు తియ్యమంటే చచ్చినా తియ్యదు. మిషను తిప్పుదామంటే వైర్లు అడ్డం. చివరికి నేనే వెళ్ళి, "భాయీసాబ్, ఆవిరికి ఉడికిపోతున్నారు. బల్ల కిటికీ వైపు తిప్పిస్తా, గాలొస్తుంది" అన్నా. "ఠీక్ హై బెహన్‌జీ" అన్నాడు. అంతే!

మర్నాడు ఆయన వీపు ఇటు, మొహం కిటికీకి. కమలేష్ కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. ఆ పిల్ల మొహం సరిగ్గా చూడటం నాకూ అదే మొదలు. మధ్యాహ్నానికల్లా, కాలరు అతికించే ఆవిడ "దీదీ, కాస్త ఆహిస్తా, నెమ్మదిగా కుట్టు" అని గోల! మేనేజరు వచ్చి చూసి, కాలర్లు లెక్కపెట్టుకుని పోయాడు. తీసేసే మాట మళ్ళీ రాలేదు. నాకు పట్టరాని సంతోషమనుకో.

ఆఁ, అసలుది చెప్పలేదు. కాలర్లు అందుకోవాలంటే ఆయన వెనక్కి తిరగాలిగా? తిరిగే ముందు ఇస్త్రీపెట్టె టక్కుమని పెట్టి, గట్టిగా దగ్గేవాడు. ఆ పిల్ల కొంగు సర్దుకునేదాకా ఆగి, అప్పుడు తిరిగేవాడు. నేనేదో గాలని మభ్యపెట్టాననుకున్నా. ఆయనకన్నీ తెలుసు! ఆయనా ఓ దారి కోసం చూస్తున్నాడన్నమాట, పాపం. నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ జలుబు లేని దగ్గే.

నవ్వుతావేంటే? రేపు వాచీ పట్టుకుని, నెమ్మదిగా కుట్టే వాళ్ళ దగ్గర ఇంకాసేపు నిలబడు. ప్రభువు నీకు తోడుండాలి తల్లీ, నీ లైనెప్పుడూ ఆగకూడదు. డబ్బాలో ఆవకాయ పెట్టానో లేదో... ఉండు, చూసొస్తా...